నిజం చెప్పే కంపైలర్ తొడుగు

కడప నుంచి ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "పెన్నా అని పేరు పెట్టి ఒక చిన్న యూనికెర్నెల్ రాసుకున్నాను. క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లో బూట్ అవుతోంది, టైమర్ ఇంటరప్ట్ కూడా ఉంది. ఇప్పుడు దాని మీద పాత సి లైబ్రరీలను కట్టాలి. అందుకు జీసీసీ కంపైలర్‌కు ఒక షెల్ తొడుగు రాశాను. కాన్ఫిగర్ ఎక్కడా ఆగడం లేదు, మేక్ కూడా పూర్తవుతోంది. కానీ నడిచిన కొద్దిసేపటికి, ఒక్కోసారి ఒక్కోచోట కూలిపోతోంది. అదే కోడ్ నా స్నేహితుడి కంప్యూటర్‌లో కంపైల్ కూడా కావడం లేదు. తొడుగు ఎలా రాయాలి? లేక జీసీసీనే కొత్త టార్గెట్ కోసం కట్టుకోవాలా?" తన తొడుగును, అంటే కంపైలర్‌ను కావలసిన ఆప్షన్లతో పిలిచే చిన్న స్క్రిప్టును కూడా పంపారు. జీసీసీని పిలవడం, ‘-ఎఫ్‌ఫ్రీస్టాండింగ్’, ‘-నోస్టడ్‌లిబ్’, తన హెడర్ల డైరెక్టరీకి ఒక ‘-ఐ’, చివర డాలరు పక్కన నక్షత్రం. అంతే.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపిన మాట ఒక్కటే: కాన్ఫిగర్ ఎక్కడా ఆగడం లేదు. ఆగాలి. కాన్ఫిగర్ అంటే, లైబ్రరీని కట్టే ముందు టార్గెట్‌లో ఏవేవి ఉన్నాయో పరీక్షించే స్క్రిప్టు. ఫోర్క్ (కొత్త ప్రాసెస్‌ను పుట్టించే ఫంక్షన్) లేని, రెండో ప్రాసెస్ అన్నదే లేని, డిస్కు ఉంటుందో ఉండదో తెలియని యంత్రానికి ప్రోగ్రామ్ కడుతున్నప్పుడు కాన్ఫిగర్ అడిగే వందల ప్రశ్నల్లో చాలావాటికి "లేదు" అన్న జవాబే రావాలి. మీ తొడుగు అన్నిటికీ "ఉంది" అంటోంది. కూలిపోవడం గురించి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఈ అబద్ధాన్ని ఆపాలి.

నేను అనంతపురంలో ఉంటాను. బోరు మోటార్ల స్టార్టర్ల నుంచి వచ్చే రీడింగులను, అంటే కరెంటు ఎంతసేపు ఉంది, మోటారు ఎన్ని ఆంపియర్లు లాగింది అన్న లెక్కలను సేకరించే చిన్న సర్వర్లను యూనికెర్నెల్‌గా కట్టడం కొన్నేళ్లుగా నా పనిలో భాగం. ఇక్కడ చెప్పేవాటిలో చాలావరకు ఆ పనిలో నేను చేసిన తప్పుల నుంచి నేర్చుకున్నవే.

యూనికెర్నెల్ అంటే ఏమిటో మీకు తెలుసు. తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. అప్లికేషన్‌ను, దానికి కావలసినంత మేరకే ఆపరేటింగ్ సిస్టమ్ లైబ్రరీలను కలిపి లింక్ చేసి, ఒకే అడ్రస్ స్పేస్‌లో నడిచే ఒకే బూట్ ఇమేజ్‌గా తయారు చేస్తాం. 2013లో మిరాజ్ ఓఎస్ బృందం ప్రచురించిన పరిశోధనా పత్రంతో ఆ పేరు ప్రచారంలోకి వచ్చింది. మిరాజ్‌లో అప్లికేషన్‌ను ఓకామెల్ భాషలోనే రాస్తారు కాబట్టి పాత సి ప్రోగ్రాముల సమస్య అంతగా ఎదురుకాదు. దాన్ని ముఖాముఖి ఎదుర్కొన్నది రంప్‌రన్ అనే మరో యూనికెర్నెల్. నెట్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ డ్రైవర్ల మీద ఆంటీ కాంటీ మొదలుపెట్టిన రంప్ కెర్నెల్ పని నుంచి అది పుట్టింది. మామూలు ప్రోగ్రామును మార్పు లేకుండా కట్టడానికి ‘ఎక్స్86_64-రంప్‌రన్-నెట్‌బీఎస్‌డీ-జీసీసీ’ అనే పేరుతో ఒక తొడుగు ఇచ్చారు. ఆ తొడుగు తయారు చేసిన ఫైలు నేరుగా బూట్ కాదు. ‘రంప్‌రన్-బేక్’ అనే రెండో పనిముట్టు దానికి కెర్నెల్ భాగాలను జోడించి ఇమేజ్ చేస్తుంది. ఈ రెండు అంచెల పద్ధతిని గుర్తుంచుకోండి, లింక్ దగ్గర మళ్లీ దీనికే వస్తాను.

పేరు నుంచి మొదలుపెడదాం. కాన్ఫిగర్ స్క్రిప్టులను తయారు చేసే ఆటోకాన్ఫ్‌కు ‘--హోస్ట్’ అని ఒక టార్గెట్ పేరు (ప్రోగ్రామ్ ఏ యంత్రం మీద నడవాలో చెప్పే పేరు) ఇస్తే, అది ఆ పేరును ముందు తగిలించి జీసీసీని, దాని తోడు పనిముట్లు ఏఆర్‌ను, ర్యాన్‌లిబ్‌ను, స్ట్రిప్‌ను వెతుకుతుంది. దొరకకపోతే ఒక చిన్న హెచ్చరిక రాసి మీ కంప్యూటర్‌లోని మామూలువాటిని తీసుకుంటుంది. ఆ హెచ్చరికను ఎవరూ చదవరు. కాబట్టి జీసీసీకి ఒక్కదానికే తొడుగు రాసి ఊరుకోకండి. మిగిలినవి ఉన్నవాటినే నేరుగా పిలిచినా సరే, అదే ముందుపేరుతో ఒక్కో ఫైలు పెట్టండి. పేరులో చివరి ముక్క ఆపరేటింగ్ సిస్టమ్‌ది. అక్కడ ‘పెన్నా’ అని రాస్తే కాన్ఫిగ్ డాట్ సబ్ అనే స్క్రిప్టు "ఇది నాకు తెలియదు" అని ఆపేస్తుంది. మధ్య ముక్క తయారీదారుది, అక్కడ మీ ఇష్టం. ‘ఎక్స్86_64-పెన్నా-ఈఎల్‌ఎఫ్’ అని పెట్టుకుంటే ఎవరి స్క్రిప్టునూ దిద్దే పని ఉండదు. ‘-డంప్‌మెషీన్’ అని అడిగితే తొడుగు ఈ పేరే చెప్పాలి. మీరిప్పుడు జీసీసీని అడగనిస్తున్నారు, అది "నేను లైనక్స్‌ను" అంటోంది.

జీసీసీని పూర్తిగా కొత్త టార్గెట్‌కు కట్టాలా అన్న ప్రశ్నకు నా అభిప్రాయం: ఇప్పుడే వద్దు. ఒక లైబ్రరీలో సమస్య వచ్చిన ప్రతిసారీ కంపైలర్‌ను తిరిగి కడుతూ కూర్చుంటే అసలు పని సాగదు. మీ సి లైబ్రరీ కుదుటపడ్డాక, ముఖ్యంగా సి++ కావలసి వచ్చినప్పుడు, అప్పుడు ఆలోచించండి. స్పెక్స్ ఫైలు, అంటే ఏ దశలో ఏ ఆప్షన్లు వాడాలో జీసీసీకి చెప్పే ఫైలు మాత్రం మంచి మార్గం. మజిల్ అనే సి లైబ్రరీతో వచ్చే మజిల్-జీసీసీని చూడండి. అది ఒక బుల్లి షెల్ స్క్రిప్టు, జీసీసీకి ‘-స్పెక్స్’ ఇచ్చి వదిలేస్తుంది. ఎప్పుడు లింక్ జరుగుతుంది, ఎప్పుడు జరగదు అన్న నిర్ణయం జీసీసీ చేతిలోనే ఉండిపోతుంది. అది చిన్న లాభం కాదు, ఎందుకో కింద తెలుస్తుంది. ఒకే లోటు, క్లాంగ్ అనే మరో కంపైలర్ స్పెక్స్ ఫైళ్లను చదవదు. రెండు కంపైలర్లూ కావాలంటే షెల్ తొడుగు తప్పదు. మీరు జీసీసీతోనే ఉన్నారు కనుక స్పెక్స్ ఎంచుకోండి, దాని మీద పలుచని షెల్ పొర ఒకటి ఉంచండి.

ఆ షెల్ పొరలో డాలరు-నక్షత్రాన్ని ఈ రోజే తీసేయండి. ఖాళీలున్న ఆర్గ్యుమెంట్లన్నీ ముక్కలైపోతాయి. కొటేషన్ల మధ్య డాలరు-ఎట్ పెట్టండి. కాన్ఫిగర్ ‘-డీ’తో కొటేషన్లున్న స్ట్రింగు పంపిన రోజున ఈ తేడా ప్రాణం తీస్తుంది.

ఇక హెడర్లు. స్నేహితుడి కంప్యూటర్‌లో కంపైల్ కాకపోవడానికి కారణం ఇక్కడే ఉందని నా నమ్మకం. ‘-ఐ’ మీ డైరెక్టరీని వెతుకులాటలో ముందు పెడుతుంది, అంతే. మీ దగ్గర లేని హెడర్ కోసం జీసీసీ తన మామూలు దారిన యూఎస్ఆర్-ఇంక్లూడ్‌లోకి వెళ్లి లైనక్స్ హెడర్ తెచ్చుకుంటుంది. కేసీ కాలువ కింద సేద్యం చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది: మీరు కొత్తగా మడవ తీశారు గానీ, పాత తూము మూయలేదు. మీ కంప్యూటర్‌లో ఏవో డెవలప్‌మెంట్ ప్యాకేజీలు ఉన్నాయి కాబట్టి నీరు పారింది, మీ స్నేహితుడి దగ్గర అవి లేవు. అంతకంటే ప్రమాదం మీ దగ్గరే ఉంది. లైనక్స్ హెడర్‌లోని స్ట్రక్చర్ ఒక కొలతలో, మీ లైబ్రరీలోని స్ట్రక్చర్ మరో కొలతలో ఉంటే, కంపైలర్ ఒక్క మాటా అనదు. మెమరీ మాత్రం చెడిపోతుంది.

తూము మూసేది ‘-నోస్టడ్‌ఇంక్’. కానీ అది జీసీసీ సొంత హెడర్లను కూడా మూసేస్తుంది. స్టడ్‌డెఫ్, స్టడ్‌ఆర్గ్ లాంటివి సి లైబ్రరీవి కావు, కంపైలర్‌వి. వాటిని తిరిగి తెచ్చుకోవాలి. ‘-ప్రింట్-ఫైల్-నేమ్=ఇంక్లూడ్’ అని అడిగితే జీసీసీ తన డైరెక్టరీ దారి చెబుతుంది. ముందు మీ సి లైబ్రరీ హెడర్లు, వెనక జీసీసీవి, ఈ వరుసలో రెండింటినీ ‘-ఐసిస్టమ్’తో ఇవ్వండి. ‘-ఐ’తో ఇస్తే లైబ్రరీ రచయిత తన డైరెక్టరీలో కావాలని పెట్టుకున్న అదే పేరు హెడర్‌ను మీది తొక్కేసే అవకాశం ఉంది. సీపాత్, సీ-ఇంక్లూడ్-పాత్, లైబ్రరీ-పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లను తొడుగు మొదట్లోనే చెరిపేయండి. అవీ దొంగ తూములే.

హెడర్లు సరిదిద్దాక కూడా ఇంకొక అబద్ధం మిగులుతుంది. లైనక్స్ కోసం కట్టిన జీసీసీ ప్రతి ఫైలుకూ ముందుగానే ‘__లైనక్స్__’ అనే మాక్రో నిర్వచించి ఉంచుతుంది. అది చూసిన లైబ్రరీ "అయితే లైనక్స్‌కే చెందిన ఈపోల్ ఉంటుంది" అనుకుని ఆ దారి పడుతుంది. ఆ మాక్రోను, దాని తోబుట్టువులను ‘-యూ’తో తీసేయాలి. గ్నూ-లైనక్స్ అన్నది ఒకటి, కింది గీతలు లేకుండా ఉత్త లైనక్స్ అన్నది మరొకటి. లైనక్స్ ప్రస్తావన లేని టార్గెట్ పేరును క్లాంగ్‌కు ఇస్తే ఈ బెడద ఉండదు.

‘-ఎఫ్‌ఫ్రీస్టాండింగ్’ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కెర్నెల్ భాగానికి అది సరైనది. అప్లికేషన్‌కు కాదు. మీరు సి లైబ్రరీ ఇస్తున్నారు, మెయిన్‌ను పిలుస్తున్నారు, అంటే అప్లికేషన్‌కు హోస్టెడ్ వాతావరణమే కల్పిస్తున్నారు. ఆ ఆప్షన్ పెట్టి "నీకు లైబ్రరీ లేదు" అని చెబితే, ఉన్నదాన్ని లేదన్నట్లవుతుంది. తొడుగు నుంచి దాన్ని తీసి కెర్నెల్ మేక్‌ఫైల్‌లోకి మార్చండి.

లింక్ చేస్తున్నామా లేదా అన్నది గుర్తించడం చూడడానికి చిన్న విషయం. షెల్‌లో రాసేవారందరూ ఇక్కడ ఒకసారైనా పడతారు. ‘-సి’, ‘-ఎస్’, ‘-ఈ’, ‘-ఎం’, ‘-ఎంఎం’ ఉంటే లింక్ లేదు, లేకపోతే ఉంది అని రాస్తాం. కానీ కాన్ఫిగర్ తొలి నిమిషంలోనే ఉత్త ‘-వీ’తో కంపైలర్‌ను పిలుస్తుంది. ఇన్‌పుట్ ఫైలే లేదు. మీ తొడుగు అలవాటుగా స్టార్టప్ ఆబ్జెక్టును చివర చేరిస్తే, ఇప్పుడు ఒక ఇన్‌పుట్ ఉన్నట్లే, జీసీసీ లింక్‌కు బయలుదేరి మెయిన్ లేదని విఫలమవుతుంది. దీనికి వ్యతిరేక దిశలో, కంపైల్ మాత్రమే చేస్తున్నప్పుడు లింకర్ ఆప్షన్లు తగిలిస్తే క్లాంగ్ "ఇది వాడలేదు" అని హెచ్చరిస్తుంది. కాన్ఫిగర్ ఆ సమయంలో హెచ్చరికలను తప్పులుగా లెక్కించే పరీక్ష చేస్తుంటే, ప్రతి ఆప్షన్‌కూ "పనికిరాదు" అన్న జవాబు వెళుతుంది. స్పెక్స్ ఎంచుకోమన్నది ఇందుకే. ఈ తీర్పులన్నీ చేయడం జీసీసీకి ముందే తెలుసు. ‘-షేర్డ్’ వస్తే మాత్రం మీ పొరలోనే స్పష్టంగా తిరస్కరించండి. ఏదో ఒకటి తయారు చేసి చేతిలో పెట్టడం కంటే విఫలం కావడమే మంచిది.

ఇప్పుడు అసలు చోటు, లింక్ దగ్గరకు వద్దాం. రెండు అంచెల పద్ధతిలో అప్లికేషన్‌ను ముందు ‘-ఆర్’తో పాక్షికంగా లింక్ చేసి, తర్వాత కెర్నెల్‌తో కలపాలని ఎవరికైనా తోస్తుంది. కానీ ‘-ఆర్’తో లింక్ చేస్తే లేని ఫంక్షన్ గురించి లింకర్ ఫిర్యాదు చేయదు, "తర్వాత ఎవరో ఇస్తారులే" అని వదిలేస్తుంది. కాన్ఫిగర్ ఒక ఫంక్షన్ ఉందో లేదో తెలుసుకునేది లింక్ విఫలమైందా లేదా అన్నది చూసే. మెయిన్‌లో ఆ ఫంక్షన్‌ను ఒకసారి పిలిచి లింక్ చేస్తుంది, అంతకుమించి ఏమీ చేయదు. అంటే ‘-ఆర్’తో లింక్ చేసే తొడుగు దృష్టిలో ప్రపంచంలోని ప్రతి ఫంక్షనూ ఉన్నట్లే. మీ సమస్య ఇదే రూపంలో లేదు, మీది స్టబ్‌ల (పని చేయకుండా పేరుకు మాత్రం ఉండే ఫంక్షన్ల) రూపంలో ఉండి ఉంటుంది. ఫలితం ఒకటే. దీనికి మందు రెండుసార్లు లింక్ చేయడం. మొదట మీ సి లైబ్రరీతో, కెర్నెల్‌తో పూర్తిగా లింక్ చేసి చూడండి. విఫలమైతే ఆ విఫలతనే వెనక్కి పంపండి. సఫలమైతే ఆ ఫలితాన్ని పారేసి, అప్పుడు ‘-ఆర్’తో తయారు చేసి ఇవ్వండి. సమయం కాస్త ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

స్టబ్‌ల విషయంలో నా అనుభవం చెప్పాలి. ఒక ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ, బఫర్‌ను యాదృచ్ఛిక బైట్లతో నింపే గెట్‌ఎంట్రపీ అనే ఫంక్షన్ లేక లింక్ కావడం లేదు. గడువు దగ్గర పడింది. సున్నా తిప్పి పంపే ఒక స్టబ్ రాశాను, తర్వాత సరిచేద్దామనుకున్నాను. లింక్ అయింది, సర్వర్ నడిచింది, రీడింగులు వచ్చాయి. గెట్‌ఎంట్రపీలో సున్నా అంటే "విజయం, బఫర్ నింపాను" అని అర్థం. నేను ఏమీ నింపలేదు. పైగా నా స్టబ్ ఉందని చూసిన కాన్ఫిగర్, లైబ్రరీ లోపలి మరో మార్గాన్ని పక్కనపెట్టి దీన్నే ఎంచుకుంది. సర్వర్‌ను ఎప్పుడు రీబూట్ చేసినా మొదటి సెషన్ సంఖ్య ఒకటే వస్తోందని లాగ్‌లు చదువుతుంటే వారాల తర్వాత కనబడింది. రైతుల మోటార్లను దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసే ఆదేశాలు ఆ తాళాల వెనకే ఉన్నాయి. ఎవరికీ నష్టం జరగలేదు. కానీ ఆ రోజు రాత్రి ఇంటికి వెళ్లకుండా కూర్చుని ప్రతి స్టబ్‌నూ తీసి చూశాను.

అప్పటి నుంచి నా నియమం కఠినం. లేని ఫంక్షన్‌ను లేకుండానే ఉంచుతాను. ఫోర్క్ లేదు, కాబట్టి ఆ పేరుతో సింబలూ ఉండదు. అనేక చోట్ల తగిలే ఫంక్షన్‌కు స్టబ్ తప్పనిసరైతే, అది వైఫల్యాన్నే తిప్పి పంపాలి, అది స్టబ్ అని హెడర్‌లో ప్రకటించాలి. ఇందుకు ఆటోకాన్ఫ్‌లోనే ఏర్పాటు ఉంది, చాలామందికి తెలియదు. ‘__స్టబ్_ఫోర్క్’ లాంటి మాక్రో కనబడితే, లింక్ అయ్యే ఫంక్షన్‌ను కూడా అది లేనిదిగానే లెక్కిస్తుంది. లైనక్స్‌లో మామూలుగా వాడే సి లైబ్రరీ గ్లిబ్‌సి తన స్టబ్‌ల పట్టికను ఇలాగే ప్రకటిస్తుంది. ఆ పరీక్ష లిమిట్స్ హెడర్‌ను చేర్చుకుంటుంది కాబట్టి మీ లిమిట్స్ హెడర్ నుంచి ఈ మాక్రోలు కనబడేలా పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు కూలిపోవడం గురించి. "ఒక్కోసారి ఒక్కోచోట" అన్నారు, మీ కెర్నెల్‌లో టైమర్ ఇంటరప్ట్ ఉందని రాశారు. నాకు మొదటి అనుమానం రెడ్ జోన్ మీద. సిస్టమ్ వీ ఏబీఐ (కంపైల్ అయిన ఫంక్షన్లు స్టాక్‌ను, రిజిస్టర్లను ఎలా వాడాలో చెప్పే ఒప్పందం) ప్రకారం ఎక్స్86-64లో స్టాక్ పాయింటర్‌కు కింద 128 బైట్లు ఫంక్షన్ సొత్తు. వాటినే రెడ్ జోన్ అంటారు. వేరే ఫంక్షన్లను పిలవని చిన్న ఫంక్షన్లు స్టాక్ పాయింటర్‌ను కదపకుండానే అక్కడ తమ లెక్కలు దాచుకుంటాయి. లైనక్స్‌లో అప్లికేషన్ నడుస్తుండగా ఇంటరప్ట్ వస్తే ప్రాసెసర్ కెర్నెల్ స్టాక్‌కు మారుతుంది కనుక ఇబ్బంది లేదు. యూనికెర్నెల్‌లో అప్లికేషన్ కూడా కెర్నెల్ స్థాయిలోనే నడుస్తుంది. స్టాక్ మారదు. ప్రాసెసర్ నేరుగా ఆ 128 బైట్లలోకే 40 బైట్ల సమాచారం తోస్తుంది, దాని కింద మీ హ్యాండ్లర్ మిగిలినదాన్ని తొక్కుతుంది. ఏ ఫంక్షన్ మధ్యలో టైమర్ మోగితే అక్కడ పాడవుతుంది, అందుకే ఒకచోట అని ఉండదు.

‘-ఎంనో-రెడ్-జోన్’ మీ తొడుగులో లేదు. చేర్చండి. అయితే అంతటితో అయిపోయిందనుకోకండి. 128 బిట్ల భాగహారం లాంటివాటికి జీసీసీ తన సహాయక లైబ్రరీ లిబ్‌జీసీసీలోని ఫంక్షన్లను పిలుస్తుంది. మీ కంప్యూటర్‌లోని లిబ్‌జీసీసీని మామూలు లైనక్స్ ప్రోగ్రాముల కోసం, రెడ్ జోన్‌తోనే కంపైల్ చేశారు. మీ తొడుగు దాన్ని మార్చలేదు. రెండు దారులున్నాయి: ఆ ఫంక్షన్లను మీ ఆప్షన్లతో మళ్లీ కంపైల్ చేసుకోవడం, లేదా ఇంటరప్ట్ స్టాక్ టేబుల్ ద్వారా హ్యాండ్లర్లకు వేరే స్టాక్ ఇవ్వడం. నేను రెండోదాన్ని ఇష్టపడతాను. ఎవరు ఎలా కంపైల్ చేసిన లైబ్రరీ వచ్చి చేరినా అది కాపాడుతుంది. వీలైతే రెండూ చేయండి.

‘-ఎఫ్‌నో-స్టాక్-ప్రొటెక్టర్’, ‘-నో-పై’, ‘-స్టాటిక్’ కూడా స్పష్టంగా రాయండి. మీ లైనక్స్ పంపిణీ డిఫాల్ట్‌గా ఏం పెట్టిందో దాని మీద ఆధారపడకూడదు. స్టాక్ ప్రొటెక్టర్ తన గుర్తును ఎఫ్ఎస్ సెగ్మెంట్ నుంచి 40 బైట్ల దూరంలో వెతుకుతుంది. మీరు ఆ సెగ్మెంట్‌ను సిద్ధం చేయకపోతే అక్కడ ఏముంటుందో దేవుడికే తెలియాలి.

క్రాస్ కంపైల్‌లో కాన్ఫిగర్ తాను కట్టిన పరీక్ష ప్రోగ్రాములను నడిపి చూడలేదు. అటువంటి చోట్ల ఊహిస్తుంది, ఆ ఊహ తరచు నిరాశావాదంతో ఉంటుంది. ఆర్‌పీఎల్-మాలాక్ అనే పేరు లేదని లింకర్ ఎప్పుడైనా చెబితే కంగారు పడకండి. సున్నా బైట్లు అడిగితే మీ మాలాక్ ఏం ఇస్తుందో నడిపి చూడలేక, కాన్ఫిగర్ ప్రత్యామ్నాయం కోరిందని అర్థం. ఇలాంటి జవాబులను ఒక కాన్ఫిగ్ డాట్ సైట్ ఫైలులో రాసి తొడుగుతో పాటే ఇవ్వండి. ప్రతి జవాబును మీ కెర్నెల్ మీద ఒకసారి నిజంగా నడిపి చూసి రాయండి. లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్‌కు పీకేజీ-కాన్ఫిగ్-పాత్ చాలదు, అది కూడా ‘-ఐ’ లాగే కలుపుతుంది గానీ మూయదు. పీకేజీ-కాన్ఫిగ్-లిబ్‌డిర్ వాడాలి. కొన్ని లైబ్రరీలు మధ్యలో ఒక చిన్న ప్రోగ్రామ్ కట్టి, దాన్ని అక్కడికక్కడే నడిపి, పట్టికలు తయారు చేసుకుంటాయి. దాన్ని మీ తొడుగుతో కట్టకూడదు, సీసీ-ఫర్-బిల్డ్‌లో మామూలు జీసీసీని ఇవ్వండి. కాన్ఫిగర్‌కు బదులు సీమేక్ వాడేవాటికి టూల్‌చెయిన్ ఫైలు రాసి, సిస్టమ్ పేరు ‘జెనెరిక్’ అని ఇవ్వండి. అక్కడ ట్రై-కంపైల్‌ను, అంటే సీమేక్ పరీక్షల కోసం కట్టి చూసే దశను, స్టాటిక్ లైబ్రరీకి మార్చమని చాలామంది సలహా ఇస్తారు. అలా చేస్తే లింక్ జరగదు, ఫంక్షన్లన్నీ మళ్లీ "ఉన్నాయి". మీ తొడుగు పూర్తి లింక్ చేయగలిగితే ఆ మార్పు అవసరం లేదు.

ఇవన్నీ మార్చాక లైబ్రరీల జోలికి వెంటనే వెళ్లకండి. తొడుగుకే కొన్ని పరీక్షలు రాయండి. లేని పేరు ఒకటి కల్పించి దాన్ని పిలిచే ప్రోగ్రామ్ లింక్ కాకూడదు. ఫోర్క్‌ను పిలిచేదీ కాకూడదు. ‘__లైనక్స్__’ ఉంటే తప్పు చూపే ఫైలు సాఫీగా కంపైల్ కావాలి. ‘-హెచ్’ పెట్టి ఒక పెద్ద ఫైలును కంపైల్ చేస్తే వచ్చే హెడర్ల పట్టికలో యూఎస్ఆర్-ఇంక్లూడ్ అన్న దారి ఒక్కసారి కూడా కనబడకూడదు. జీసీసీ సొంత డైరెక్టరీ యూఎస్ఆర్-లిబ్ కింద ఉంటుంది, అది సరే. చివరి ఇమేజ్‌ను రీడ్ఈఎల్ఎఫ్‌తో చూస్తే ఇంటర్‌ప్రెటర్ భాగం ఉండకూడదు. డాలరు-ఎట్ సరిగా ఉందో చూడడానికి ఖాళీ ఉన్న స్ట్రింగును ‘-డీ’తో పంపి అచ్చు వేయించండి.

ఆ తర్వాత అదే లైబ్రరీకి కాన్ఫిగర్ మళ్లీ నడిపి, పాత కాన్ఫిగ్ డాట్ హెచ్‌ను కొత్తదాని పక్కన పెట్టి తేడా తీయండి. ఎన్ని "ఉంది"లు "లేదు"లుగా మారాయో ఆ పట్టిక నాకు పంపండి. రెడ్ జోన్ మార్పు తర్వాత కూడా కూలుతుంటే, కూలినప్పటి స్టాక్ పాయింటర్ విలువ, ఆ ఫంక్షన్ డిసాసెంబ్లీ కూడా జతచేయండి, కలిసి చూద్దాం.